మేక కళ్ళకు అవతల తిమ్మరుసు

తిమ్మరుసు పేరెత్తగానే తెలుగువాళ్ళకు రెండు ఘట్టాలు గుర్తొస్తాయి. రెండూ కళ్ళ గురించినవే. మొదటిదాంట్లో ఆయన ఒక రాకుమారుడి కళ్ళు కాపాడతాడు. రెండోదాంట్లో ఆ రాకుమారుడే రాజై ఆయన కళ్ళు తీయిస్తాడు. ఇంత బిగువైన కథ మన చరిత్రలో మరొకటి దొరకడం కష్టం. నాటకానికీ సినిమాకీ, అమ్మమ్మలు అన్నం తినిపిస్తూ చెప్పే కథకీ సరిగ్గా సరిపోయింది. సాళువ తిమ్మరుసు అనే మహామంత్రి ఐదు వందల ఏళ్ళుగా జనం నాలుక మీద నిలిచింది ఎక్కువగా దీని బలం మీదే.

కానీ ఆ రెండు ఘట్టాల మధ్య దాదాపు పదిహేనేళ్ళ పాలన ఉంది. 1509లో కృష్ణదేవరాయలు గద్దె ఎక్కిన నాటి నుంచి 1524 ప్రాంతంలో ఆయన కొడుకు చనిపోయేదాకా దక్షిణాపథంలో అన్నిటికన్నా పెద్దదైన విజయనగర రాజ్యం ఆ మంత్రి చేతి మీదుగా నడిచింది. కోటలు లొంగాయి, సీమలు ఏర్పడ్డాయి, సుంకాలు స్థిరపడ్డాయి, సంధులు కుదిరాయి. మనం ఆ పదిహేనేళ్ళను వదిలేసి ఈ చివరా ఆ చివరా పట్టుకున్నామని నా ఫిర్యాదు. తిమ్మరుసు గురించి మనకు ఏం తెలుసు, ఎవరి ద్వారా తెలుసు, అందులో ఎంత నిలుస్తుంది అని వరసగా చూడాలని ఈ ప్రయత్నం.

దీన్ని జంషెడ్‌పూర్‌లో ఉండి రాయడానికి ఒక కారణం ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చినవాళ్ళు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వాళ్ళ కూడలి. రాయల కళింగ దండయాత్ర సాగింది సరిగ్గా వాళ్ళ సొంతూళ్ళ మీదుగానే. సింహాచలంలో రాయల శాసనాలున్నాయి, పొట్నూరులో జయస్తంభం నాటించాడని ప్రతీతి. ఇదే ఊళ్ళో మా పక్కవాళ్ళు ఒడియావాళ్ళు. ఊరు దాటి ఖర్‌కాయి అవతలికి వెళితే సరాయికెలా. ఒకప్పటి ఒడియా సంస్థానం, 1948లో కొన్ని నెలలపాటు ఒరిస్సాలో ఉండి బీహారుకు మారింది. అంటే తిమ్మరుసు ఎవరి మీద యుద్ధం నడిపాడో వాళ్ళ వారసులు, ఎవరి తరఫున నడిపాడో వాళ్ళ వారసులు ఇక్కడ ఒకే వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నారు, ఒకే షిఫ్టులో పనిచేశారు. ఆయన కథను ఒక్క వైపు నుంచే చెప్పుకుంటే ఇక్కడ కుదరదు.

ముందు కళ్ళ కథ సంగతి తేల్చుకోవాలి. మనకున్న రూపంలో అది ఫెర్నావో న్యూనిజ్ అనే పోర్చుగీసు రాసిన వృత్తాంతంలో ఉంది. గుర్రాల వ్యాపారి, రాయల రాజధాని విజయనగరంలో మూడేళ్ళ దాకా ఉన్నాడు. ఆయన రాసింది 1535-37 ప్రాంతంలో. అప్పటికి రాయలు పోయి ఆరేళ్ళు దాటింది, గద్దె మీద అచ్యుతరాయలున్నాడు. ఆ రాతప్రతి పారిస్ జాతీయ గ్రంథాలయంలో చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1897లో డేవిడ్ లోపెష్ దాన్ని లిస్బన్‌లో అచ్చు వేశాడు. 1900లో రాబర్ట్ సూయల్ ఇంగ్లీషులోకి తెచ్చి తన 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్' పుస్తకంలో చేర్చాడు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు చరిత్రకారుల చేతికి కథ ఈ దారిన వచ్చింది. తిమ్మరుసు మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాసిన చిలుకూరి వీరభద్రరావుది ఆ తరమే.

న్యూనిజ్ చెప్పేది ఇది. వీరనరసింహరాయలు మరణశయ్య మీద మంత్రిని పిలిచి, తన ఎనిమిదేళ్ళ కొడుకును రాజును చేయమనీ, తమ్ముడు కృష్ణరాయడి కళ్ళు తీయించి తెచ్చి చూపమనీ ఆజ్ఞాపిస్తాడు. తిమ్మరుసు ఆ యువకుణ్ణి ఒక గుర్రపుశాలలోకి తీసుకెళ్ళి ఉన్న సంగతి చెబుతాడు. తనకు రాజ్యం అక్కర్లేదు, జోగిలా బతుకుతాను, అన్నకు ఏ అపకారమూ చేయలేదు, కళ్ళు మాత్రం వదిలేయమని అతను వేడుకుంటాడు. ఇరవై దాటిన ఇతను ఎక్కడ, ఎనిమిదేళ్ళ పసివాడు ఎక్కడ అని మంత్రి లెక్క వేసుకుంటాడు. మేకను తెప్పించి దాని కళ్ళు తీయించి రాజుకు చూపిస్తాడు. రాజు కన్నుమూయగానే కృష్ణరాయలు గద్దె ఎక్కుతాడు.

ఇక రెండో ఘట్టం. రాయలు బతికుండగానే తన ఆరేళ్ళ కొడుకు తిరుమలరాయడికి పట్టం కట్టాడు. తాను మంత్రి స్థానంలో కూర్చుని, తిమ్మరుసును సలహాదారుగా ఉంచాడు. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయి. ఆ ఉత్సవాల మధ్యలోనే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టింది తిమ్మరుసు కొడుకేనని రాజు చెవిన పడింది. నిండు సభలో మంత్రినీ కొడుకులనూ బంధువులనూ నిలబెట్టి రాజు చేసిన నిందను న్యూనిజ్ వివరంగా రాశాడు. నువ్వు నాకు రాజ్యం ఇచ్చిన మాట నిజమే, కానీ అందుకు నేను నీకు రుణపడి లేను. నీ ప్రభువైన మా అన్న కళ్ళు తీయమంటే తీయకుండా మేక కళ్ళు చూపి మోసగించావు కాబట్టి నువ్వు ఆనాడే ద్రోహివి అన్నది దాని సారం. వాళ్ళు తిరగబడతారేమోనన్న భయంతో రాజు గుర్రాలతో వచ్చిన పోర్చుగీసుల సాయం కూడా అడిగాడట. మంత్రి కుటుంబం మూడేళ్ళు చెరసాలలో ఉంది. ఒక కొడుకు తప్పించుకుని కొండల్లోని ఒక దుర్గం చేరి పోరాడి పట్టుబడ్డాడు. బ్రాహ్మణులను చంపరాదు కనుక కళ్ళు తీయించారు.

ఆ సభ ఘట్టం చదివినప్పుడల్లా నన్ను కదిలించేది విషం సంగతి కాదు. తనను బతికించిన దయనే రాజు నేరంగా చదివాడు. మంత్రి చేసిన మంచి పనిలో అవిధేయత ఉందన్నది నిజం. ఇన్నాళ్ళూ దాని ఫలం అనుభవించినవాడే దాన్ని బయటకు తీసి శిక్షాస్మృతిలో పెట్టాడు. అధికారం గురించి ఇంత చేదైన విషయాన్ని ఒక గుర్రాల వర్తకుడు ఊహించి రాయగలిగాడంటే నమ్మడం కష్టం. ఎవరో దర్బారు మనిషి ఆయనకు చెప్పి ఉండాలి. అంతమాత్రాన అది జరిగిందని కాదు. ఆ రోజుల్లో విజయనగరంలో జనం ఈ కథను ఇలా చెప్పుకున్నారని మాత్రం ధైర్యంగా అనవచ్చు.

న్యూనిజ్‌ను ఎక్కడ ఎంత నమ్మాలో చూడటానికి వేరే చోట దొరికే ఒక ఉదాహరణ బాగా ఉపయోగపడుతుంది. 1515లో కొండవీడు పట్టుబడినప్పుడు ఒడియా రాజు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. సాము తెలిసిన ఆ రాకుమారుణ్ణి తక్కువ కులంవాడితో కత్తి తిప్పమన్నారని, ఆ అవమానం భరించలేక ఆత్మహత్య చేసుకున్నాడని న్యూనిజ్ రాశాడు. దావణగెరె ప్రాంతపు 1516 నాటి శాసనం మాత్రం ఆ వీరభద్రుణ్ణే రాయల కింద ఒక సీమ ఏలుతున్న అధికారిగా చూపిస్తుంది. ఆత్మహత్య తరవాతెప్పుడో జరిగి ఉండవచ్చు. కానీ పట్టుకుని అవమానించి చంపిన రాజుకూ, పట్టుకుని అధికారం ఇచ్చిన రాజుకూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. న్యూనిజ్‌కు మధ్యలో జరిగిన రాజకీయం కనపడలేదు. కంట నీరు తెప్పించే ముగింపు మాత్రం కనపడింది.

మేక కళ్ళ కథకూ ఇదే పరీక్ష పెట్టాలి. వీరనరసింహుడికీ తమ్ముడికీ మధ్య పగ ఉందని చెప్పే శాసనం లేదు. రెండో ఘట్టంలో మాత్రం కొంత నేల గట్టిగానే ఉంది. తిరుమలరాయడు రాజుగా వేయించిన 1524 నాటి శాసనాలు ఉన్నాయి కాబట్టి పిల్లవాడికి పట్టం కట్టడం కల్పన కాదు. తరవాత ఆ పేరు శాసనాల్లో ఆగిపోయిందన్నదీ నిజమే. మంత్రి నలభై ఏళ్ళు రాజ్యం నడిపాడని న్యూనిజ్ రాజు నోట అనిపించిన మాటను అతిశయోక్తిగా కొట్టేస్తుంటారు. సాళువ నరసింహుడు గద్దె ఎక్కిన 1485 నుంచి లెక్కపెడితే ఆ నలభై దాదాపు సరిపోతుందని నాకు తోస్తుంది. అలాగైతే తిమ్మరుసు సాళువ వంశం నాటి నుంచి రాజ్యసేవలో ఉన్న పాతకాపు. రాయల వంశమైన తుళువ రాజులు ఆయన తరవాత వచ్చారే గాని, ఆయన వాళ్ళ వల్ల వచ్చినవాడు కాదు. పడిపోవడానికి ఆ సంగతి ఒక్కటే చాలినంత కారణం. కొడుకుకు పట్టం కట్టి తానే మంత్రి కావడమంటే ఆ పాత మంత్రిని పదవి నుంచి మర్యాదగా దించడమే కదా.

విషం ఎవరు పెట్టారన్న ప్రశ్న మీద మన పుస్తకాలు చాలా సిరా ఖర్చు చేశాయి. గజపతి మనుషులని కొందరు, అంతఃపురమని కొందరు, గద్దె ఆశించిన బంధువులని కొందరు. పసిపిల్లలు జబ్బు చేసి చనిపోవడం ఆ కాలంలో మామూలు విషయం. అసలు విషప్రయోగం జరిగిందా అన్న మొదటి ప్రశ్న దాటకుండా హంతకుణ్ణి వెతకడం నాకు నచ్చదు. తిమ్మరుసు నిర్దోషి అని నేను కోరుకుంటాను. కోరుకోవడం వేరు, రుజువు వేరు.

ఇక ఆ పదిహేనేళ్ళలోకి వద్దాం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన మరో పోర్చుగీసు, డొమింగో పేస్, మంత్రిని అధికారంలో ఉండగా కళ్ళారా చూశాడు. రాజుకు అందరికన్నా ప్రీతిపాత్రుడైన ఒక ముసలాయన ఉన్నాడని, రాజగృహమంతా ఆయన మాట మీదే నడుస్తుందని, పెద్దపెద్ద దొరలు సైతం రాజు ముందు ఎలా ఉంటారో ఆయన ముందు అలా ఉంటారని రాశాడు. పేస్ రాతలో కన్నీళ్ళు లేవు, కుట్రలు లేవు. అది చూసి రాసిన సాక్ష్యం కాబట్టి నా దృష్టిలో దాని విలువ న్యూనిజ్ నాటకీయతకన్నా ఎక్కువ.

దానికి తోడు రాళ్ళున్నాయి. మంగళగిరి స్తంభ శాసనం కొండవీడు పట్టుబడిన రోజును శక సంవత్సరంతో, తిథితో సహా చెబుతుంది. లెక్కగట్టినవాళ్ళు అది 1515 జూన్ 23 అన్నారు. కొండవీటి సీమ మంత్రి చేతికి వచ్చింది. ఆయన దాన్ని తన చెల్లెలి కొడుకులైన నాదెండ్ల అప్పామాత్యుడి, గోపామాత్యుడి ద్వారా నడిపించాడు. మేనల్లుళ్ళకు కోటలు ఇచ్చాడని ఈనాటి కళ్ళతో చూసి తప్పుపట్టేముందు 'ఆముక్తమాల్యద'లో రాయలు చెప్పిన రాజనీతిని గుర్తు చేసుకోవాలి. కోటలను బ్రాహ్మణుల చేతిలో పెట్టమని రాజే రాసుకున్నాడు. గెలిచిన సీమలో పాత దొరలు తిరగబడకుండా ఉండాలంటే అక్కడ సొంత బలగం లేనివాడు కావాలి. నాదెండ్లవారు అలాంటివాళ్ళు. పైగా మంత్రికి తప్ప మరొకరికి జవాబుదారులు కారు. ఇది బంధుప్రీతీ అవును, పాలనా ఉపాయమూ అవును. మంత్రి పతనమైన రోజున బంధువులందరూ ఒక్క వలలో చిక్కడానికి కూడా ఈ అల్లికే కారణం.

ఈ కుటుంబం చదువుకున్న కుటుంబం. అగస్త్యుడి సంస్కృత 'బాలభారతం' మీద తిమ్మరుసు పేరున ఒక వ్యాఖ్యానం ఉంది. గోపామాత్యుడు 'ప్రబోధచంద్రోదయం' మీద వ్యాఖ్య రాశాడు, తెలుగులో 'కృష్ణార్జున సంవాదం' రచించాడు. మాదయగారి మల్లన తన 'రాజశేఖరచరిత్ర'ను అప్పామాత్యుడికి అంకితమిచ్చాడు. అల్లసాని పెద్దనకు రాజు ఎలాగో, మల్లనకు మంత్రి ఇల్లు అలాగ. విజయనగర సాహిత్యాన్ని రాయల కొలువైన భువనవిజయం ఒక్కదానికే కట్టేసి చూడటం మనకు అలవాటైపోయి, కొండవీటి వైపు నడిచిన ఈ రెండో కొలువు మరుగున పడింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టేది మాత్రం కొండవీటి శాసనం ఒకటి. గోపామాత్యుడి కాలానిది, 1520 నాటిది. గుడికి ఆదాయం కల్పిస్తూ సీమలోని ఊళ్ళ సంతల్లో ఏ సరుకు మీద ఎంత సుంకమో వరసగా చెక్కించారు. ఉప్పు, మామిడికాయలు, ఉసిరి, వంకాయలు, పెసలు, మినుములు, శనగలు, ఉలవలు, కందులు, గోధుమలు, పత్తి, చింతపండు, ఉల్లి, పసుపు, మెంతులు, జీలకర్ర, ఆవాలు, అల్లం, నిమ్మకాయలు, కొబ్బరికాయలు, బెల్లం, నెయ్యి, ఆముదం, శొంఠి. ఆ తరవాత ఇనుము, ఉక్కు, ఉలులు. తమలపాకులు, మిరియాలు, గంధం, లవంగాలు, జాజికాయ, జాపత్రి. సీసం, తగరం, రాగి. చవకవాటి మీద తక్కువ, ఖరీదైనవాటి మీద ఎక్కువ. యుద్ధం ముగిసి ఐదేళ్ళయినా కాలేదు, కొండవీటి సంతల్లో రైతు వంకాయలు అమ్ముకుంటున్నాడు, లవంగాల బస్తా దూరదేశం నుంచి వచ్చి దిగుతోంది, ఉక్కు అమ్ముడవుతోంది. ఉక్కు ఊళ్ళో ఉండేవాడికి ఆ మాట దగ్గర చూపు ఆగడం సహజం. దండయాత్రలో గెలుపు ఎవరికైనా దక్కవచ్చు. గెలిచిన చోట ఐదేళ్ళలో సంత నడిపించడమే మంత్రి పని. కళ్ళ కథలో లేని తిమ్మరుసు ఇక్కడ, మేనల్లుడి చేతి కింద చెక్కిన ఈ జాబితాలో ఉన్నాడని నా నమ్మకం.

తెలుగు వచనంలో తిమ్మరుసుకు దొరికిన పెద్ద పీట 'రాయవాచకం'. 1600 ప్రాంతంలో, మధుర నాయకుల నీడలో పుట్టిన రచన. దాంట్లో రాయలు యువకుడు, తొందరపాటు ఉన్నవాడు. అప్పాజీ, అంటే తిమ్మరుసు, అనుభవం పండినవాడు. కళింగ యుద్ధం వచ్చేసరికి అప్పాజీ కత్తి కన్నా పదునైన పని చేస్తాడు. గజపతి దగ్గర పదహారుమంది మహాపాత్రులు ఉన్నారు. వాళ్ళు లంచం తిన్నట్టుగా ఉత్తరాలు రాసి, ధనంతో నింపిన పెట్టెలతో పంపి, అవి గజపతి చేతికి చిక్కేలా చూస్తాడు. తన పాత్రులు తనను అమ్ముకున్నారని నమ్మి ప్రతాపరుద్రుడు రాత్రికి రాత్రి వెళ్ళిపోతాడు. మంత్రి పతనం ఊసు ఈ పుస్తకంలో లేదు. నాయక రాజుల కొలువులో అప్పాజీ ఆదర్శమంత్రి. ఆయన గుడ్డివాడై చెరలో చావడం ఆ ఆదర్శానికి పనికిరాదు.

ఇదే ఓటమిని జంషెడ్‌పూర్‌లో ఒడియా మిత్రులతో మాట్లాడితే కథ పూర్తిగా మారిపోతుంది. వాళ్ళకు ప్రతాపరుద్రుడు మోసపోయిన పిరికివాడు కాడు. పూరీలో చైతన్యుడి పాదాల దగ్గర కూర్చున్న భక్త రాజు. ఆర్.డి. బెనర్జీ తన ఒరిస్సా చరిత్రలో చైతన్యుడి భక్తిమార్గమే ఆ రాజ్యపు సైనిక బలాన్ని తినేసిందన్నాడు. ఆ మాటను ఒడియా చరిత్రకారులు చాలామంది ఒప్పుకోలేదు. ఉత్తరాన బెంగాల్ సుల్తాను, దక్షిణాన విజయనగరం ఒకేసారి నొక్కితే ఏ రాజ్యమైనా ఏం చేయగలదని వాళ్ళ వాదన. మన అప్పాజీ పెట్టెల మాయ వాళ్ళ లెక్కలో అసలు లేదు. నాకు వాళ్ళ వాదనే బలంగా కనిపిస్తుంది. ఉదయగిరి ముట్టడి 1513లో మొదలై 1514 నడిమిదాకా సాగింది. అంత కాలం పట్టిన యుద్ధాన్ని ఒక రాత్రి ఉపాయం గెలిపించిందనడం మంత్రికి పొగడ్తలా ఉన్నా, నిజానికి ఆయన కష్టాన్ని తగ్గించడమే. తిండి, గుర్రాలు, దారులు, జీతాలు ఏడాదిపైన తెగకుండా చూసినవాడికి పెట్టెల కథ ఏం గౌరవం?

యుద్ధం ఇటు నుంచే మొదలు కాలేదన్న సంగతి కూడా ఇక్కడే నాకు బాగా అర్థమైంది. ప్రతాపరుద్రుడి తండ్రి పురుషోత్తమ గజపతి కంచి మీదికి వెళ్ళి గెలిచి అక్కడి రాకుమార్తెను చేపట్టిన 'కాంచి-కావేరి' గాథ ఒడియా పిల్లలకు మన తెనాలి రామకృష్ణుడి కథలంత పరిచయం. కంచి నుంచి తెచ్చిన వినాయకుడు పూరీ గుళ్ళో ఉన్నాడంటారు. ఉదయగిరి నుంచి రాయలు తీసుకెళ్ళిన బాలకృష్ణుడికి హంపీలో 1515లో గుడి కట్టించాడు. ఎవరి దేవుణ్ణి ఎవరు తీసుకెళ్ళారన్న లెక్క రెండు వైపులా ఉంది. చివరకు గజపతి కూతురిని రాయలకిచ్చి పెళ్ళి చేశారు, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేల తిరిగి గజపతికి వెళ్ళింది. గెలిచిన నేలను వదులుకోవడం మామూలు విషయం కాదు. దూరాన ఉన్న కటకం దాకా నిలబెట్టుకోలేమని, కృష్ణ దగ్గర ఆగితే సీమ స్థిరపడుతుందని ఎవరో లెక్కకట్టి చెప్పి ఉండాలి. ఆ సలహా తిమ్మరుసుదే అనడానికి రాత లేదు. కానీ కొండవీటిలో సుంకాల పట్టిక చెక్కించిన ఇంటివాళ్ళ బుద్ధికి అది చాలా దగ్గరగా ఉంది.

జనం నోట్లో తిమ్మరుసు ఒక్కడు కాడు. రాయలు-అప్పాజీ కథల్లో ఆయన చిక్కుముడులు విప్పే తాతగారు. కొండవీడు వైపు వెళితే కత్తులబావి కథ వినిపిస్తుంది. గోపీనాథస్వామి గుడికి డెబ్బైరెండు మంది పాలెగాళ్ళను దర్శనానికి రమ్మని పిలిచి, ఒక్కొక్కరినే లోపలికి పంపి, కత్తులు నిలబెట్టిన బావిలో పడదోశారన్నది దాని సారం. ఆ పని రామయ భాస్కరుడిదని కైఫీయతు సంప్రదాయం. తిమ్మరుసు మీద వేసి చెప్పేవాళ్ళూ ఉన్నారు. నిజమో కాదో గాని, గెలిచిన మంత్రాంగం ఓడినవాళ్ళ ఊళ్ళలో ఎలా గుర్తుండిపోతుందో ఆ కథలో ఉంది. పెనుకొండలో తిమ్మరుసు సమాధి అని చూపించే కట్టడం ఒకటుంది. గుడ్డివాడై తిరుపతి చేరి అక్కడ దీనంగా రోజులు వెళ్ళదీశాడని ఇంకొక చెప్పుకోలు. ఒక మనిషి చావుకు ఇన్ని చోట్లు చూపిస్తున్నారంటే ఆ చావు జనానికి మింగుడు పడలేదన్నమాట.

ఈ కథలన్నిటినీ మింగేసింది 1962. కమలాకర కామేశ్వరరావు 'మహామంత్రి తిమ్మరుసు' తీశాడు. రాయలుగా ఎన్.టి. రామారావు, తిమ్మరుసుగా గుమ్మడి. దానికి ముందు 1956లో 'తెనాలి రామకృష్ణ'లో చిత్తూరు నాగయ్య తిమ్మరుసు వేషం కట్టాడు. కానీ మంత్రి పేరే సినిమా పేరు కావడం, కథానాయకుడి పాత్ర రామారావుదైనా కథ గుమ్మడిది కావడం ఆ రోజుల్లో సాహసం. తెలుగులో ఉత్తమ చిత్రంగా ఆ ఏటి రాష్ట్రపతి రజత పతకం దానికే వచ్చింది. సినిమాలో మంత్రి నిర్దోషి, కుట్ర వేరేవాళ్ళది, రాజుకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇక ఆ తరవాత తెలుగునాట తిమ్మరుసు అంటే గుమ్మడి ముఖం, గుమ్మడి గొంతు. 1970లో కన్నడంలో 'శ్రీకృష్ణదేవరాయ' వచ్చినప్పుడు రాజ్‌కుమార్ రాయలైతే దర్శకుడు బి.ఆర్. పంతులు తిమ్మరుసు పాత్ర తనకే ఉంచుకున్నాడు. కర్ణాటక ప్రభుత్వ ఉత్తమ నటుడి బహుమతి ఆయనకే దక్కింది. రెండు భాషల్లోనూ బహుమానాలు ఈ కథకు వెళ్ళాయి. గుమ్మడి నటన నాకు ప్రాణం. ఆ సినిమా మేలు చేసిందనే అంటాను. అది లేకపోతే ఈ మంత్రి పేరు పరిశోధకుల మధ్యనే ఉండిపోయేది. కానీ సినిమాకు కొండవీటి సంతతో పనిలేదు.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఇలాంటి మనిషి ఒకడున్నాడు. థామస్ క్రామ్‌వెల్, ఎనిమిదో హెన్రీ మంత్రి. సామాన్యుడి ఇంట పుట్టి రాజ్యమంతా చేతిలోకి తెచ్చుకుని 1540 జులైలో విచారణ కూడా లేకుండా తల పోగొట్టుకున్నాడు. కొన్ని నెలల తరవాత రాజు తన నమ్మకస్తుడైన సేవకుణ్ణి పోగొట్టుకున్నానని వాపోయినట్టు ఫ్రెంచి రాయబారి ఉత్తరం ఉంది. మనకు రాయల పశ్చాత్తాపం సినిమాలో ఉంది, వాళ్ళకు ఉత్తరంలో ఉంది. క్రామ్‌వెల్‌ను చాలాకాలం దుర్మార్గుడిగానే చూశారు. 1953లో జి.ఆర్. ఎల్టన్ ఆయన నడిపిన కచేరీల తీరును, కాగితాలను చదివి, ఈ మనిషి ఆధునిక ప్రభుత్వ యంత్రాంగాన్ని కట్టాడని వాదించాడు. ఆ వాదన మీద గొడవలు జరిగాయి. తరవాత హిలరీ మాంటెల్ 2009లో మొదలుపెట్టి 2020లో ముగించిన మూడు నవలలతో ప్రపంచమంతా ఆయన గురించి మాట్లాడింది. వాటిలో రెండింటికి బుకర్ వచ్చింది. వరస చూడండి: ముందు కాగితాలు చదివినవాడు వచ్చాడు, తరవాత నవల వచ్చింది. మనకు జనం దాకా సినిమాయే ముందొచ్చింది.

వాళ్ళకు ఆ వెసులుబాటు ఎందుకుందంటే, క్రామ్‌వెల్‌ను పట్టుకున్నప్పుడు ఆయన కాగితాలు రాజు జప్తు చేశాడు. ఆయనకు వచ్చిన ఉత్తరాలు అలా మిగిలాయి. తిమ్మరుసు కచేరీ తాటాకులు, కడితాలు మనకు చేరలేదు. 1565లో హంపీ పాడుబడింది. మిగిలినవి రాళ్ళు, రాగిరేకులు, కావ్యాల అవతారికలు. ఒక పాలకుణ్ణి ఆయన ఇచ్చిన దానాల ద్వారా, ఆయన మేనల్లుళ్ళ ద్వారా, ఆ సీమలోని ధరల ద్వారా వెతుక్కోవాలి. నేలటూరి వెంకటరమణయ్య వంటివాళ్ళు శాసనాల నుంచి విజయనగర చరిత్రను దారం దారంగా అల్లారు. వాళ్ళ పుస్తకాలు తెలుగు ఇళ్ళలో ఎన్ని ఉన్నాయి?

ఈ మధ్య ఆసక్తి పెరిగిన మాట వాస్తవం. రాయల పట్టాభిషేకానికి ఐదు వందల ఏళ్ళని 2009-10లో కర్ణాటకలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వాలే ఉత్సవాలు చేశాయి. 2021లో తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో దొరికిన శాసనం రాయలు మరణించిన రోజును, 1529 అక్టోబరు 17, చంద్రగ్రహణం నాటి ఆదివారం అని తేల్చేసరికి పత్రికలన్నీ ఆ వార్త వేశాయి. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద రాయలున్నాడు. ఆయన పేరు మీద అనంతపురంలో విశ్వవిద్యాలయం ఉంది. తిరుమలలో ఇద్దరు దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలబడిన విగ్రహం ఉంది. రాజు మరణించిన రోజు రాతి మీద దొరికినప్పుడు, మంత్రి గతి తెలిపే రాయి కూడా ఏ పొలం గట్టునో దొరకవచ్చన్న ఆశ నాకుంది. రాజును తలచుకుని మంత్రిని మరిచే తీరు మా ఊళ్ళోనూ ఉంది. ఇనుప ఖనిజం జాడ చూపుతూ 1904లో జంషెట్‌జీ టాటాకు ఉత్తరం రాసిన భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ లేకపోతే మేముండే ఈ ఊరే లేదు. ఊరు వెలిగేది మాత్రం మార్చి 3న, టాటా పుట్టినరోజున. అందులో తప్పు లేదు. కానీ గురుమహిసాని కొండ దాకా నడిచిన మనిషి గురించి మా పిల్లలకు ప్రత్యేకంగా చెప్పుకోవలసి వస్తోంది.

తిమ్మరుసు విషయంలో నేను కోరేది విగ్రహం కాదు. కొండవీటి సుంకాల శాసనం, మంగళగిరి స్తంభ శాసనం, దావణగెరె వైపు వీరభద్రుడి శాసనం, సింహాచలంలో రాయలు వేయించినవి — వీటిని వాడుక తెలుగులో, ఊళ్ళ పేర్లు ఈనాటి పటంలో గుర్తించి, పాత కొలతలకు వివరణతో, పలుచని పుస్తకంగా వేయాలి. పక్క పేజీలో ఒడియా అనువాదం ఉండాలి. ప్రతాపరుద్రుడి కాలపు ఒడియా ఆధారాలను అటువాళ్ళు ఎంచి ఇవ్వాలి, వాటిని మనం తెలుగు చేసుకోవాలి. రెండు భాషలూ తెలిసినవాళ్ళు బిష్టుపూర్‌లో, కదమాలో, సరాయికెలాలో ఇంటింటికీ దొరుకుతారు. మొదట ఆ సంత జాబితాతోనే మొదలుపెట్టవచ్చు. వంకాయ, ఉల్లి, ఉప్పు, ఉక్కు. వీటిని ఒడియా చేయడానికి పండితులు కూడా అక్కర్లేదు.